మగవాటిని ఏరి పారేసిన బేరం

సర్కారువారు ఇచ్చిన కందిరీగల్లోంచి మగవాటిని ఏరి పారేయాలన్న ఆలోచన పూర్తిగా నాది. అందులో ఎవరికీ వాటా లేదు. మా నాన్న చెప్పలేదు. మా బావకు అంత బుర్ర లేదు. పురుగుల గదిలో పనిచేసే అసిస్టెంటయితే వద్దనే అన్నాడు. ఆయన వద్దన్నాడు కాబట్టే అందులో ఏదో లాభం దాగుందని నాకు తోచింది. నెల్లూరు బియ్యం బజారులో పుట్టి పెరిగినవాడిని. ఇచ్చేవాడు "ఏరుకోవద్దు" అన్నాడంటే సంచి అడుగున తాలు ఉందన్నమాటేనని మాకు పాలతో పాటు పోసిన జ్ఞానం. ఆ జ్ఞానంతో నేను ఆరువందల పైచిలుకు కందిరీగలను చేతులారా పెంచాను. ఇంతటి పని మా వీధిలో ఇంకెవడూ చేయలేదని ఇప్పటికీ ధైర్యంగా చెప్పగలను.

కొత్త పైసలు వచ్చి నాలుగైదేళ్ళయిన రోజులు. మా అక్కను ఇచ్చింది ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరికి. బావ వాళ్ళది ఉప్పు, కొబ్బరికాయల వ్యాపారం. ఇంటి వెనక ఇసుకలో తొంభై కొబ్బరిచెట్లు. కాగితాల్లో తోట బావది. దాన్ని పెంచింది మా అక్క. అక్కడ ఇసుకలో గుంట తవ్వితే అడుగున తియ్యటి నీళ్ళు ఊరతాయి, దొరువు అంటారు. ఆ దొరువులోకి దిగి, కడవ ముంచి, జారే ఇసుకలో ఎక్కి, మొక్కకింత పోసి, మళ్ళీ దిగడం. అట్లా అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళలో బావ చేసిన సాయం ఏమిటంటే సాయంత్రం పూట మంచం బయట వేయించుకుని, మొక్కలు తొంభై ఉన్నాయో లేదో చూసుకోవడం.

చెట్లు కాపుకొచ్చిన రెండో ఏడు, చలి తగ్గుతుండగా, తోటకు నల్లతల గొంగళి తగిలింది. అది ఆకు అడుగున చేరి, నోటి దారంతో తన పెంటనే పేనుకుని సొరంగం కట్టుకుంటుంది. అందులో పడుకుని ఆకు పచ్చదనమంతా గీకి తింటుంది. కింది మట్టలతో మొదలుపెట్టి పైకి పాకుతుంది. దూరం నుంచి చూస్తే ఎవరో చెట్టుచెట్టుకూ కాగడా పెట్టి పోయినట్టు ఉంటుంది. పిందెలు రాలిపోతాయి. నడినెత్తిన లేత మొవ్వు దాకా పోతే చెట్టు మీద ఆశ వదులుకోవాలి.

నేను చూడబోయేసరికి బావ అప్పటికే తీర్మానం చేసుకుని ఉన్నాడు.

"ఉగాది దాకా చూస్తా బామ్మర్దీ. అప్పటికీ ఇట్టనే ఉంటే కొట్టిచ్చి వాసాలకు అమ్మేసి సరుగుడు పెడతా. సరుగుడుకు పురుగు లేదు, నీళ్ళు పొయ్యబళ్ళా. మద్రాసుకు కట్టెలు పోతానే ఉంటాయి."

అక్క చేటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తకుండానే అంది. "పెట్టుకోమను. ఆ కట్టెల బండ్లోనే నన్ను గూడా ఎక్కించమను."

"చూసినావా, ఎట్ట మాట్లాడతదో."

"నువ్వు మోసినావా నీళ్ళు? ఒక్క కడవ మోసినావా?"

బావ నా వైపు చూశాడు. నేను సరుగుడు దిబ్బల వైపు చూశాను. అక్క బస్సు దాకా వెంట వచ్చింది. ఎక్కేముందు చెయ్యి పట్టుకుని, "నీకు నాలుగిళ్ళు తెలుసు, ఏదన్నా దారి చూడబ్బయ్యా. ఉగాది పోతే ఆయన ఆగడు," అంది. మా అక్క నన్ను అడిగిన సాయం నా ఎరుకలో అదొక్కటే.

ఆ దారి నాకు టౌనులోనే దొరికింది. పురుగును తినే పురుగును పెంచి రైతులకు ఊరికే ఇచ్చే సర్కారు గది ఒకటి ఉందని మా కొట్టుకు వచ్చే రైతు చెప్పాడు. ఊరికే అన్న మాట విన్న తరువాత మా వాళ్ళు చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగరు.

గదిలో అడుగుపెట్టగానే మా గోదాము వాసన వచ్చింది. చెక్క తొట్లలో జొన్న నూకలు, వాటి నిండా గూళ్ళు కట్టిన బియ్యం పురుగులు. మా కొట్టులో ఈ పురుగు కనిపిస్తే గిరాకీ కంట పడకుండా చెరిగి దొడ్లో పారబోసేవాళ్ళం. ఇక్కడ దాన్ని సాకడానికి నెల జీతం, కుర్చీ, గోడకు క్యాలెండరు. నాకు నవ్వొచ్చింది. అసిస్టెంటు బక్కపలచని మనిషి, కళ్ళద్దాలు. బదనికలు అన్నాడు. మామిడి కొమ్మకు పట్టే బదనికేమోననుకున్నాను. కాదు, చీమలో సగం ఉండే కందిరీగ. ఆడది గొంగళిని వెతికి పట్టుకుని వెనక ఉన్న సూదితో పొడుస్తుంది. గొంగళి చావదు, కదలదు. దాని ఒంటి మీద గుడ్లు పెడుతుంది. పిల్లలు దాన్ని పీల్చేసి, పక్కనే బియ్యపుగింజలో సగం ఉండే తెల్లటి గూళ్ళు కట్టుకుని, నాలుగైదు రోజులకు రెక్కలతో బయటికొస్తాయి. గుడ్డు నుంచి రెక్కల దాకా అంతా పది పన్నెండు రోజుల పని. ఆ తరువాత అవే తోటంతా చూసుకుంటాయి.

"ఇంటికి అరవై గూళ్ళే అన్నా. మళ్ళీ పదైదు రోజులకు రండి," అన్నాడు, కాగితానికి అంటుకుని ఉన్న గూళ్ళు చూపించి.

"తొంభై చెట్లు సారూ. అరవై ఏ మూలకు? కొసరు లేదా?"

"ఊరికే ఇచ్చేదానికి కొసరేందన్నా."

"కొనేదానికి అందరూ అడుగుతారు. ఊరికే ఇచ్చేదానికే అడగాల."

ఆయన విసుగ్గా ఇంకో ముక్క చించి ఇచ్చాడు. అయిదు గూళ్ళు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇందులో పనిచేసేవి ఎన్ని?"

"సగం పైన ఆడవి ఉంటాయి. పొడిచేది ఆడదే. మగదానికి సూది ఉండదు."

"మగది ఏం చేస్తది మరి?"

"ఉండాలన్నా. అన్నీ ఒకే సీసాలో ఏసి, బయటికొచ్చినాక ఒక పూట కలిపి ఉంచండి. రెండు చుక్కలు తేనె పెట్టండి. ఆమైన తోటలో వదలండి. ఏరబాకండి, ఆఁ."

ఆ చివరి మాట దగ్గరే నా చెవులు నిక్కాయి. సగం తాలు కట్టబెట్టి, ఏరొద్దంటున్నాడు. ఇట్లాంటివాళ్ళు మా బజారుకు రోజుకు పదిమంది వస్తారు.

దారిలోనే రెండు నిర్ణయాలు చేసేశాను. ఒకటి, ఈ అరవై అయిదింటిని తోటలో వదలకూడదు. మొదలును పట్టుకుపోయి గాలికి వదిలేవాడు ఎక్కడైనా ఉంటాడా? మొదలు ఇంట్లో ఉండాలి, పిల్లల్ని వదలాలి. మేతకు మా గోదాములో కావలసినన్ని బియ్యం పురుగులున్నాయి. రెండు, పని లేనివాళ్ళను మేపేది లేదు.

మా నాన్న కాగితం వైపు చూసి, "ఏందిరా అది?" అన్నాడు. చెప్పాను.

"నలభై ఏళ్ళుగా పురుగుల్ని బయటికి తోలతా ఉండా. నువ్వు కాగితంలో చుట్టి ఇంట్లోకి తెచ్చినావా," అని మళ్ళీ తూకంలో పడ్డాడు. ఆయన తిట్లు కూడా పొదుపే.

హోమియో డాక్టరు పారేసిన మాత్రల సీసాలు, చిటికెన వేలంతవి, అరవై అయిదు పోగుచేసి ఒక్కో గూడును ఒక్కో సీసాలో వేసి దూది బిగించాను. కలిపేస్తే లెక్క తప్పుతుందని నా భయం. ఎన్ని వచ్చాయి, ఎన్ని చచ్చాయి, ఎన్ని ఆడవి అని తేలాలి కదా. మూడోనాడు మొదట వచ్చినవన్నీ మగవే. పీలగా, సూది లేకుండా, పొడుగాటి మీసాలు ఊపుకుంటూ సీసా అద్దం మీద అటూ ఇటూ తిరగడం తప్ప పనేమీ లేదు. మా వీధి అరుగుల మీద కూర్చునే అల్లుళ్ళు గుర్తొచ్చారు. ఇరవై ఆరు మగవి తేలాయి. ఒక్కొక్కటే దూది తీసి, దీపం గూటి పక్కన కాపురముండే బల్లి ముందు దులిపాను. మర్నాటికి ఆడవి వచ్చాయి, ముప్ఫై ఆరు. మూడు గూళ్ళు పొల్లు. ముప్ఫై ఆరింటికీ వెనక సన్నటి సూది. చక్కగా చెరిగి, రాళ్ళేరి, జల్లెడ పట్టిన సరుకు.

లాంతరు చిమ్నీలు ఆరు తెచ్చి, రెండువైపులా పలచటి గుడ్డ కట్టి, లోపల పురుగుల్ని, ఆడవాటిని వదిలాను. నేనేదో కథ చెబుతున్నానని అనుకోవద్దు, అవి నిజంగానే పనిమంతులు. గంటలో పురుగులన్నీ మెత్తబడి పడిపోయాయి. రెండోనాటికి వాటి మీద నువ్వుగింజలో పదోవంతు లేని గుడ్లు. తేనె ఖరీదు కాబట్టి బెల్లప్పాకం పెట్టాను. అందులో కాళ్ళంటుకుని పది చచ్చాయి, మిగిలినవి వారం తిరిగేసరికి ఒక్కొక్కటే రాలాయి. పని అయిపోయింది కదా అని చీపురు పుల్లతో తోసేశాను. అవి బతికున్న వారంలోనే రెండు మూడుసార్లు కొత్త మేత వేసి, పెట్టిన గుడ్లన్నీ పొదగనిచ్చాను.

పన్నెండో రోజు చిమ్నీలు గుమ్మంటూ నిండిపోయాయి. అంతా పొడుగాటి మీసాలు. వెనక సూదులు కనిపించలేదు. నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది, దానికి నేనే సమాధానం చెప్పుకున్నాను. సూది కొంచెం ముదిరాక వస్తుందేమో. మీసాలంటారా, సర్కారు జొన్న నూకలు తిన్న పురుగు మీద పుట్టినవాటికీ, మా మొలకొలుకుల బియ్యం తిన్న పురుగు మీద పుట్టినవాటికీ తేడా ఉండదా? ఇరుగుపొరుగు కొట్లవాళ్ళను పిలిచి చూపించాను. ఒకాయన వాటి మీసాలకు మురిసిపోయి, తన బావమరిది తోటకు కూడా కొన్ని ఇమ్మన్నాడు. బేరం పెట్టాను కూడా.

ఆరువందల పన్నెండు. తలలే లెక్కపెట్టాను.

తోటలో అక్క చెట్టుచెట్టు దగ్గరా నాతో నిలబడి, నేను చిమ్నీ గుడ్డ విప్పుతుంటే చూసింది. బావ మంచం మీద నుంచే అడిగాడు.

"ఈ దోమలా బామ్మర్దీ, నా తోటను లేపేది?"

"ఇరవై రోజులాగు బావా. ఉగాదికి నువ్వే నన్ను పిలిచి బొబ్బట్లు పెడతావు."

"తినేదానికేం, పెట్టకపోయినా తింటావు."

"రేయ్, ఇవి కుట్టవు గదా," అంది అక్క.

"నిన్ను కుట్టవక్కా. గొంగళినే."

ఆ మాటలో మొదటి సగం నిజం. అవి దేన్నీ కుట్టలేవు.

ఇరవై రోజులకు వెళ్ళాను. సొరంగాలు చింపి చూశాను. గొంగళ్ళు బలిసి ఉన్నాయి, నన్ను చూసి వెనక్కి పాకాయి. ఒక్క తెల్లగూడు లేదు. కాలిన మట్టలు ఇంకో రెండు వరసలు పైకి పోయాయి. అక్క ఒక ఆకు చేతిలోకి తీసుకుని, నేను చూసిన చోటే మళ్ళీ చూసింది.

మర్నాడు సర్కారు సరుకు మంచిది కాదని తగువు పెట్టుకుని, మళ్ళీ ఊరికే తెచ్చుకుందామని, ఇంట్లో చిమ్నీల అడుగున ఎండి మిగిలిన నాలుగు ఈగల్ని సీసాలో వేసుకుని గదికి వెళ్ళాను. అసిస్టెంటు భూతద్దం పెట్టి చూశాడు.

"అన్నీ మగవేనన్నా."

"తోటలో వదిలినవీ ఇట్టాంటివే, ఆరు వందలు."

"ఆరు వందలూ మగవా?" ఆయన అద్దం దించాడు. "నేనిచ్చిన వాటిలో మగవాటిని ఏం చేసినారు?"

"ఏరేసినా."

"ఏరేసి?"

"బల్లికి."

ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది, తగువు పెట్టుకోవడానికి వీలుండేది. పలక మీద గీతలు గీసి చెప్పాడు. ఈ జాతిలో ఆడది మగదాని తోడు లేకుండానే గుడ్లు పెడుతుంది. అవి పొదుగుతాయి కూడా, కానీ పుట్టేవన్నీ మగవే. మగదాన్ని కలిసినదైతే ఆ విత్తును కడుపులో చిన్న సంచిలో దాచుకుంటుంది. గుడ్డు జారేటప్పుడు సంచి మూతి తీస్తే ఆడపిల్ల, తియ్యకపోతే మగపిల్లాడు.

"అంటే మగోడికి తండ్రి లేడా?"

"లేడు. మనలో తల్లి సగం, తండ్రి సగం ఉంటారు. వాడిలో తల్లి ఇచ్చిన సగమే."

"సగం తూకం."

"అట్టనే అనుకోండి. తండ్రి లేడు గానీ, తాత ఉంటాడు."

"తండ్రి లేనోడికి తాతేంది సామీ?"

"తల్లికి తండ్రి ఉంటాడు గదన్నా."

నేను కాసేపు ఆ లెక్క వేళ్ళ మీద వేసుకున్నాను. తప్పు దొరకలేదు. తల్లికి తండ్రి అయ్యేవాడు, ఆమె పుట్టుకకు కావలసినవాడు, అటువంటి ఇరవై ఆరుగురిని నేను బల్లి ముందు దులిపి, పనిలేనివాళ్ళని తిట్టుకున్నాను. కలిపి ఒక పూట ఉంచమన్నాడు ఆయన. ఆ పూటలోనే వాటి పనంతా అయిపోయేది. ఒక్క పూట కూడా నేను మేపలేకపోయాను.

అయినా నోరూరుకోదు. "ఈసారి ఒక్క జంట ఇచ్చినా చాలు సారూ. నేనే పెంచుకుంటా. మీకు మళ్ళీ శ్రమ ఇయ్యను."

"ఒక్క జంట పిల్లల్నే వాళ్ళలో వాళ్ళకు కలపతా పోతే మూడు నాలుగు తరాలకు గుడ్లు సరిగా పొదగవన్నా. పొదిగినా అక్కరకు రాని మగవి ఎక్కువ. మేమే ఏడాదికోసారి బయటి తోటల్నించి కొత్తవాటిని తెచ్చి కలుపుకుంటాం. మేనరికం మీద మేనరికం పనికిరాదు దీనికి."

నాలుగు తరాల మేనరికాల మీద నిలబడిన వంశం మాది. దానికి నమూనాగా ఆయన ఎదురుగా నేనే కూర్చుని ఉన్నాను. లేచాను.

అప్పటికి ఆయన దగ్గర ఇవ్వడానికి గూళ్ళు లేవు. అంతకు ముందువారమే కావలి వైపు తోటలకు ఇచ్చేశాడు. పదిహేను రోజులు ఆగమన్నాడు. ఉగాదికి నాలుగు రోజులుంది. బావకు పోయి చెప్పాను, దాచకుండా. ఆయన నన్ను తిట్టలేదు, అది కూడా నాకు అవమానమే. "పండగ పొయ్యినాక ఇంకొక వారం ఆగతాలే," అన్నాడు. మంచం మీద కూర్చునే మనిషి అడగకుండానే ఒక వారం పెంచాడు.

కొత్త గూళ్ళు చేతికి వచ్చేసరికి ఆ వారం దాటి నాలుగు రోజులయింది, అవి విచ్చుకునేసరికి ఇంకో నాలుగు. ఒకే సీసాలో, ఆడా మగా కలిపి, తేనె చుక్కలతో, ఒక పూట. ఆ పూటంతా సీసా ముందు నేను కూర్చున్నాను. సీసాలో ఏం జరిగిందో ఎవరైనా అడిగితే సిగ్గుపడకుండా చెబుతాను, అంత శ్రద్ధగా చూశాను.

బస్సు దిగి తోటకు నడుస్తుంటే గొడ్డలి చప్పుడు వినిపించింది. సముద్రం వైపు నుంచి కొట్టుకుంటూ వస్తున్నారు. చెట్లు ఇసుకలో వరసగా పడుకుని ఉన్నాయి. అక్క మిగిలినవాటి మొదట్లో నిలబడి ఉంది. చెట్టుకు చెయ్యి ఆనించి, కూలీల వైపు చూడకుండా.

"వచ్చినావా," అంది. "ఇవన్నా ఆడవేనా?"

"రెండూ కలిసినవక్కా."

ఆమె బావ వైపు తిరిగింది. "ఇంక కొట్టబాక. ఇవి నావి."

బావ చెయ్యెత్తి కూలీలను ఆపాడు. ఆ రోజు ఆయన ఆపకపోయినా ఆయన్ను అనడానికి నాకు నోరు లేదు. చెప్పిన గడువు కంటే ఇంకో వారం పైనే ఆగాడు. మధ్యాహ్నం దాకా కొట్టించి ఆపిందీ ఆయనే. మేమిద్దరం మిగిలిన చెట్ల మట్టల్లో ఈగల్ని వదిలాం. నెలన్నరకు ఆకు సొరంగాల్లో తెల్లటి గూళ్ళు కనిపించాయి, వానలకు ముందే కొత్త మట్ట పచ్చగా విచ్చుకుంది. మా బజారులో ఎవరూ దాన్ని చూడ్డానికి రాలేదు.

ఇక లెక్క. తొంభై చెట్లలో అక్కకు మిగిలి, ఇప్పటికీ కాస్తున్నవి ముప్ఫై నాలుగు. సముద్రం వైపు వరసలో మొవ్వు దాకా పోయినవి పద్నాలుగు, అవి నేను ఏం చేసినా, చేయకపోయినా పోయేవే. వాటిని నా మీద వేసుకుని గొప్ప పశ్చాత్తాపం ప్రకటించడం కూడా ఒకరకం మోసం, అందుకని వేసుకోను. గొడ్డలికి పోయినవాటిలో బతకగలిగినవి ముప్ఫై ఎనిమిది. ఈగలు ఆలస్యంగా వచ్చినందుకు ఆపైన ఎండిపోయినవి నాలుగు. మొత్తం నలభై రెండు. మొదటి అరవై అయిదింటినీ చెప్పినట్టు కలిపి ఉంచి, తోటలో వదిలి, ఇంటికొచ్చి నిద్రపోయి ఉంటే ఈ నలభై రెండూ నిలిచేవి. ఒక్కో చెట్టుకు అయిదేళ్ళ నీళ్ళు, మా అక్క నెత్తిన. వాటిలో ఒక్క కడవ కూడా నేను మోయలేదు.